సాయవ్వ ఇంటి సముద్రం

"మా ఇంట్లో చేపలు చచ్చిపోయాయండి. అందుకు ఒక ఆడపిల్లను పోలీసులకు అప్పజెబుతారట!" అంది ఆమె, కుర్చీలో కూర్చోకుండానే.

నిజామాబాదులో డిటెక్టివ్ పాండురంగం గదికి వచ్చేవాళ్ళు పోయిన నగల గురించో, పారిపోయిన అల్లుళ్ళ గురించో మాట్లాడతారు. చేపల కోసం బాన్సువాడ నుంచి బస్సెక్కి వచ్చిన మనిషిని అసిస్టెంటు మోతీరాం చూడడం ఇదే మొదలు. నవ్వు రాబోయింది. ఆమె చేతిలో నలిగిపోతున్న రుమాలు చూసి ఆపుకున్నాడు.

ఆమె పేరు లక్ష్మీకుమారి. వర్నిలో స్థిరపడ్డ కోస్తా రైతుల బిడ్డ. భర్త వెంకట్రాములు బొంబాయిలో రంగుచేపల దుకాణంలో పనిచేసి, తిరిగొస్తూ ఒక పెద్ద గాజుతొట్టినీ, సముద్రపు చేపలనూ తెచ్చుకున్నాడు. సముద్రపు ఉప్పు పొట్లాలు లారీ మీద వచ్చేవి. వాటిని బావినీళ్ళలో కలిపి ఇంట్లోనే సముద్రం తయారుచేసేవాడు. పోయినేడు నిజాంసాగర్ రోడ్డు మీద ప్రమాదంలో అతడు పోయాడు. చేపలు మిగిలాయి.

"వాటి ఒంటి మీద తెల్లటి పొక్కులు లేచాయండి. కంటికి ఆనని పురుగు పట్టిందన్నమాట. ఆయన నేర్పినట్టే వాటిని వెనక వరండాలో వేరే తొట్టిలో ఉప్పునీళ్ళలో వేసి, మైలుతుత్తం కరిగించిన మందు కొలిచి పోశాను. ఒకటి మాత్రం రాళ్ళ సందున దూరి దొరకలేదు. పెద్ద తొట్టిలోనే ఉంది. ఆ సాయంత్రం మా నాన్న తద్దినానికి వర్ని వెళ్ళాను. మర్నాడు వచ్చేసరికి అన్నీ తేలిపోయి ఉన్నాయి."

"మందు సీసా?" అడిగాడు పాండురంగం.

"ఖాళీ. మా పనిపిల్ల కమ్లి చేతిలో ఉండగా మా బావగారు చూశారు. మందంతా కుమ్మరించి చంపిందని ఆయన పట్టు. రేపు స్టేషనుకు తీసుకెళ్తారట. దానికి పెళ్ళి కుదిరిందండి. ఠాణా మెట్లెక్కితే ఆ సంబంధం నిలుస్తుందా?"

"వచ్చాక మీరేం చేశారు?"

"తొట్టి మీద బట్ట కప్పి ఎవర్నీ ముట్టనివ్వలేదు. అత్తమ్మ బతిమాలితే రెండు ముద్దలు తిన్నాను. పప్పులో ఉప్పు కూడా లేదు. కొడుకు పోయినప్పటి నుంచీ ఆమెకు మతి నిలకడ లేదు పాపం."

పాండురంగం లేచి చెప్పులు తొడుక్కున్నాడు.

బాన్సువాడలో ఆ ఇంటి గడపకు వేపమండలు వేలాడుతున్నాయి. వెనక వరండా పక్కన మురుగు పారే మోరి. దాని ఒడ్డున బంతిమొక్కలు నిలువునా మాడిపోయి ఉన్నాయి. పాండురంగం వాటి ముందు వంగి మట్టిని వేళ్ళతో నలిపాడు. పువ్వులంటే ఈయనకింత ఇష్టమని మోతీరాంకు తెలియదు.

లక్ష్మీకుమారి బావగారు ముత్తెన్న ఎదురొచ్చాడు. బలమైన మనిషి. కళ్ళు మాత్రం నిద్రలేనివి.

"చేపల కోసం డిటెక్టివా? ఊరంత నవ్వుతది సార్!"

"మీకు ఆ గాజుతొట్టి నచ్చదట?"

"ఎట్ల నచ్చుతది? తమ్ముడు పాయె. గదేమో ఇంకా గుడగుడమంటనే ఉంది. గా సప్పుడు వినవడ్డప్పుడల్లా ఆడు లోపల్నే ఉన్నడనిపిస్తది. విత్తనాల బస్తాలు పెట్టుకుంట, దాన్ని తీసెయ్యమన్న. అన్నందుకు నన్నే అనుమానిస్తరా ఏంది?"

మోతీరాం అనుమానిస్తూనే ఉన్నాడు.

కమ్లి వరండా మూల ముడుచుకుని కూర్చుంది. మోతీరాం తన తండా భాషలో పలకరించేసరికి ఆ పిల్ల భోరుమంది. తేరుకుని తెలుగులో చెప్పింది. "సీసా మోరి కాడ పడి ఉండె అన్నా. ఖాళీదే. అక్క పారెయ్యదు గదా అని తీసి పట్టుకున్న. గంతే. అమ్మవారి మీద ఒట్టు పెట్టమంటే పెడ్త, మా తండా దేవుడు సేవాలాల్ మీద పెట్టమంటే పెడ్త. ఆ చేపలకు నేనెందుకు మందు పోస్త? నేను పిలిస్తే అద్దం కాడికొస్తుండె."

ఇంతలో వెంకట్రాములు తల్లి సాయవ్వ వచ్చింది. "ఎండల వడి వచ్చిన్రు. ఇంత తినుండ్రి బిడ్డా," అంటూ ఆకులు వేసింది. మోతీరాం మొదటి ముద్ద పెట్టుకుని ఆగిపోయాడు. పప్పు చప్పగా ఉంది. కూర చప్పగా ఉంది.

"మా అవ్వకు ఉప్పు మీద కోపమొచ్చింది సార్, రెండొద్దుల సంది," అన్నాడు ముత్తెన్న.

పాండురంగం మాత్రం మారు వడ్డించుకుని తిన్నాడు.

చేయి కడుక్కుని అందర్నీ వరండాలోకి పిలిచాడు. కుంపటి మీద ఇనప పెనం పెట్టించాడు. పెద్ద తొట్టి నీళ్ళు ఒక పక్క, చేపలు చచ్చిన తొట్టి నీళ్ళు ఇంకో పక్క చిలకరించాడు. నీళ్ళు చిటపటలాడి ఆవిరయ్యాయి. ఒక పక్క తెల్లగా ఉప్పు పేరుకుంది. రెండో పక్క పెనం నల్లగానే ఉంది.

"సముద్రం ఇంకితే ఉప్పు మిగలాలి," అన్నాడు. "చేపలు చచ్చిన ఈ తొట్టిలో ఉన్నవి మంచినీళ్ళు. ఉప్పునీళ్ళు మోరి ఒడ్డున పారాయి. బంతిమొక్కలు మాడింది అందుకే. మందంతా ఇందులో పోసి ఉంటే నీళ్ళు నీలంగా ఉండేవి, అలా లేవు. ముత్తెన్నగారూ, కమ్లి ఈ చేపలను చంపలేదు."

తొట్టి మీద కప్పిన తెల్లబట్ట తీశాడు. దాని మీద లేత పసుపు మరక. సాయవ్వ ఆకువక్క సంచిలోని సున్నపు డబ్బీ అడిగి, వేలితో ఆ మరక మీద రాశాడు. మరక ఎర్రబడింది.

"పసుపు," అంది లక్ష్మీకుమారి.

"మోతీరాం, ఇంట్లో ఎవరికైనా ఒంటి నిండా పొక్కులు లేచి అమ్మవారు పోస్తే మనవాళ్ళు ఏం చేస్తారు?"

"వేపమండలు కడతారు సార్. పసుపు, వేపాకు వేసిన చల్లటి నీళ్ళు పోస్తారు. మందు ముట్టుకోరు. ఇంట్లో చప్పిడి వండుతారు. ఉప్పు..."

అందరి చూపూ సాయవ్వ మీదికి తిరిగింది.

ఆమె తడబడలేదు. "అవ్, నేనే. పొక్కులు చూస్తి. అమ్మనే అనుకుంటి. గాటిని ఉప్పునీళ్ళల్ల పెట్టి, మీదికెల్లి మందు పోస్తరా? కోడలికేమెరుక. ఎంకట్రాములు చేపలాయె, ఎట్ల ఊరుకోను? ఉప్పునీళ్ళు తోడి పారవోసిన. మందూ పారవోసిన. సల్లటి నీళ్ళు నింపి అమ్మకు మొక్కిన. పొద్దుగాల సచ్చిపోతే, అమ్మనే తీస్కపోయిందనుకున్న."

"కమ్లిని అంటుంటే చెప్పలేదేం అవ్వా?" అడిగాడు ముత్తెన్న.

"దాన్నేమనొద్దనే అంటి గదరా! నువ్వు ఇంటివా? నువ్వేం జేసినవని నన్నెవరడిగిన్రు?"

ఆమె తొట్టి వైపు చూస్తూ నెమ్మదిగా అంది. "నీ కంటె ముందు నాకొక ఆడపిల్ల ఉండెరా. దానికి అమ్మ పోసింది. చప్పిడి కూడు మింగలేక ఏడిస్తే, ఇంత ఉప్పుప్పటి మామిడి తొక్కు నాలిక్కి రాసిన. తెల్లారి లెవ్వలే. గందుకే ఈసారి..."

పాండురంగం ఆమె పక్కకు వచ్చి నిలబడ్డాడు. హంతకుణ్ణి చూపించేటప్పుడు ఆయన గొంతులో పలికే ధీమా ఇప్పుడు లేదు.

"సముద్రపు చేపను మంచినీళ్ళలో కాసేపు ముంచితే పురుగు రాలుతుంది. అదీ ఒక వైద్యమే. రాత్రంతా ఉంచితే చేప తట్టుకోలేదు. మీకు తెలియక జరిగింది అవ్వా. మీ బిడ్డ పోయింది మాత్రం రోగంతో. తొక్కు పచ్చడితో కాదు."

"అప్పుడు ఉప్పు పెడితి, బిడ్డ పాయె," అంది సాయవ్వ. "ఇప్పుడు ఉప్పు తీస్తి, ఇవి పాయె."

ముత్తెన్న కమ్లి ముందుకెళ్ళి నిలబడ్డాడు. "నాదే తప్పు బిడ్డా. పా, నేనే తండాకొచ్చి మీ నాయినకు చెప్త," అన్నాడు. కమ్లి తల ఊపింది గాని లేవలేదు. ఆమె చూపు లోపలి గాజుతొట్టి మీద ఉంది.

"అక్కా, అది బయటికొచ్చింది!"

రాళ్ళ సందున దాక్కున్న చేప అద్దం దగ్గరికి వచ్చింది. నారింజరంగు ఒంటి మీద, తోక దగ్గర, ఒక తెల్లటి పొక్కు.

లక్ష్మీకుమారి కళ్ళు తుడుచుకుంది. చేపలు చచ్చిన తొట్టిని కడిగించి, ఈ చేప వైద్యానికి మంచినీళ్ళు నింపించింది. అలమారలోంచి సముద్రపు ఉప్పు పొట్లం తెచ్చి, గోడకానుకుని ఒదిగి నిలబడ్డ అత్తగారి ముందు పట్టింది.

సాయవ్వ చేతులు వెనక్కి దాచుకుంది. "నా చెయ్యి మంచిది గాదు బిడ్డా. నువ్వే వెయ్యి."

"మీ అబ్బాయి చేప అత్తమ్మా. మీరే వెయ్యాలి."

కోడలు ఆ చేతిని పట్టి తెచ్చి, దోసిట్లో ఉప్పు పోసింది. ముసలి వేళ్ళు విచ్చుకున్నాయి. ఉప్పు నీళ్ళలో పడి తెల్లగా మసకేసి, మెల్లగా కరిగిపోయింది. బస్సుకు వేళ దాటుతోందని తెలిసినా పాండురంగం కదల్లేదు. మోతీరాం కూడా.

"సాలునా, ఇంకింత వెయ్యాల్నా?" అడిగింది సాయవ్వ.

"ఇంకొంచెం అత్తమ్మా. ఇంకొంచెం వెయ్యండి."