లా వద్దన్న లా మాస్టారు

"ఏం, మా చెల్లి లా చదవడానికి పనికిరాదా?"

కెర్రీ గొంతు పెంచేసరికి పక్క టేబుళ్ల వాళ్లంతా తలలు తిప్పారు. స్కూలు అయ్యాక, యూనివర్సిటీకి ముందు రెండేళ్లు చదివే హార్క్‌బ్రిడ్జ్ సిక్స్త్ ఫామ్ కాలేజీలో ఆ సాయంత్రం ఓపెన్ ఈవెనింగ్, చేరబోయేవాళ్లు వచ్చి చూసి వెళ్లే రోజు. హాలంతా స్కూలు ముగించబోతున్న పదిహేను, పదహారేళ్ల పిల్లలు, వాళ్ల వెనక పెద్దవాళ్లు, ఒక్కో సబ్జెక్టుకీ ఒక్కో టేబులు. బయట లాంకషైర్ వాన తన పని తాను చేసుకుపోతోంది. కెర్రీ గొడుగు నుంచి కారిన నీళ్లు లా టేబులు మీది కరపత్రాలన్నిటినీ తడిపేశాయి.

టేబులు వెనక ఉన్నది ఐవర్ ప్రిచర్డ్. వేల్స్ నుంచి వచ్చిన లా మాస్టారు, వయసు ముప్పైకి లోపే. తడిసిన కాగితాలను పక్కకు జరుపుతూ, "అలా అనలేదండీ. ఇక్కడ లా సబ్జెక్టు తీసుకోవద్దన్నాను, అంతే," అన్నాడు.

"రెండూ ఒకటే కదా!"

"కాదండీ. మీ చెల్లికి కావలసింది పెద్ద యూనివర్సిటీలో లా డిగ్రీ. దానికి ముందే లా చదివి ఉండాలని వాళ్లు అడగరు. ఇక్కడ తీసుకునేవి మూడే సబ్జెక్టులు. మా టైంటేబుల్లో లా, హిస్టరీ ఒకే గంటలో పడ్డాయి. లా తీసుకుంటే హిస్టరీ పోతుంది. హిస్టరీ పేరెత్తితే ఆ అమ్మాయి మొహం చూడండి ఒకసారి."

పక్కనే నిలబడ్డ నెల్ మొహం నిజంగానే వెలిగింది. అక్క తన వైపు తిరగగానే గబుక్కున తల దించుకుంది.

కెర్రీకి ఒళ్లు మండింది. తను పదహారేళ్లకే చదువు మానేసి బజార్లో 'పై'లు, అంటే లోపల కూర కూరి కాల్చిన పిండివంటలు, అమ్మే దుకాణం పెట్టుకున్న మనిషి. అమ్మకు వృద్ధాశ్రమంలో రాత్రి డ్యూటీలు. ఇంట్లో కాలేజీ గడప తొక్కినవాళ్లు లేరు, అడిగి తెలుసుకుందామంటే చెప్పేవాళ్లు లేరు. తన తెలియనితనం వల్ల ఇక్కడే తప్పటడుగు పడితే చెల్లి కల కూలిపోతుందని ఆమె బెంగ. పైగా లాయరు కావాలంటే లా చదవాలి. ఈ మాత్రం కూడా తెలియదా ఈ మనిషికి?

"అర్థమైందిలెండి. మా యాస విని, మా చెప్పులు చూసి తేల్చేశారు. నెల్, పద!"

"మీ చెప్పులు నేను చూడలేదండీ," అన్నాడు ఐవర్ కంగారుగా. "గొడుగే చూశాను."

తర్వాతి వారం సెయింట్ ఓస్విన్స్ స్కూల్లో సిక్స్త్ ఫామ్ చూడటానికి వెళ్లారు. ముత్యాల దండ వేసుకున్న ఒకావిడ తీయగా నవ్వి, "లాయరు కావాలంటే లా తీసుకోవాల్సిందే కదమ్మా!" అంది. కెర్రీకి ప్రాణం లేచొచ్చింది.

"మనిషంటే అలా ఉండాలి," అంది తిరిగొచ్చేటప్పుడు బస్సులో.

నెల్ కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

"ఏమే, మూతి అలా పెట్టావేం?"

"ఒకే ప్రశ్నకి ఇద్దరూ రెండు జవాబులు చెప్పారు. ఎవరో ఒకరిది తప్పు. అదెవరో తేలకుండానే నువ్వెలా సంబరపడతావక్కా?"

"అబ్బో! కాలేజీలో చేరకముందే క్రాస్ ఎగ్జామినేషనా?"

వెక్కిరించింది కానీ, మర్నాడు యూనివర్సిటీకే ఫోన్ చేసింది. అక్కడి అడ్మిషన్ల ఆవిడ అచ్చం ఐవర్ చెప్పిన మాటే చెప్పింది. హిస్టరీ, ఇంగ్లీష్, మ్యాథ్స్ అయితే దివ్యంగా ఉంటుందంది. ఫోన్ పెట్టేశాక కెర్రీకి తల తీసేసినట్టయింది.

ఆ శనివారం బజార్లో జోరున వాన. తల దాచుకోవడానికి ఆమె దుకాణం పందిరి కిందకి ఓ మనిషి పరుగెత్తుకొచ్చాడు. ఎదురుగా ఎవరున్నారో చూసి, "అమ్మో!" అని మళ్లీ వానలోకే వెళ్లబోయాడు.

"పారిపోకండి మాస్టారూ. ఇదిగో, మాంసం పై. వేడివేడిగా ఉంది. డబ్బులొద్దు."

"ఎందుకండీ?"

"మా ఇంట్లో తప్పు ఒప్పుకోవడం ఇలాగే. నోటితో చెప్పడం మాకెవరికీ చేతకాదు."

ఐవర్ ఆ మాంసం పై వంక చూశాడు, ఆమె వంక చూశాడు. "నేను మాంసం తిననండీ."

"ఖర్మ! సారీ చెబుదామంటే అదీ కుదరనివ్వరా?" కెర్రీ దాన్ని లాక్కుని, చీజ్, ఉల్లిపాయ కూరిన పై అతని చేతిలో పెట్టింది. అతను ఆత్రంగా కొరికి నోరు కాల్చుకుంటే పకపకా నవ్వింది. "అయినా, మీ క్లాసు కిటకిటలాడిపోతోందా ఏం, వచ్చినవాళ్లను వెళ్లగొడుతున్నారు?"

"కిటకిటా! తగినంత మంది చేరకపోతే వచ్చే ఏడు నా కోర్సే ఎత్తేస్తారు."

కెర్రీ నవ్వు ఆగిపోయింది. "మరి మా చెల్లిని ఎందుకు వద్దన్నారు?"

"నా క్లాసు కోసం ఆ అమ్మాయి హిస్టరీ లాక్కోమంటారా?" అన్నాడు ఐవర్, ఇందులో అడగడానికేముందన్నట్టు.

కెర్రీ మనసు అక్కడే పడింది. ఒళ్లంతా తడిసి, గడ్డానికి చీజ్ అంటుకున్న మనిషి మీద ఇదేం బుద్ధి అని తనను తానే తిట్టుకుంది. మనసు వింటేగా!

అతను ఆ పై శనివారమూ వచ్చాడు. ఆ తర్వాత ఏ శనివారమూ మానలేదు. లోకంలోని సంగతులన్నీ మాట్లాడుకున్నారు, అసలు సంగతి తప్ప.

కెర్రీకి కొత్త చిక్కు వచ్చిపడింది. ఓస్విన్స్‌లోనూ హిస్టరీ ఉంది, యూనివర్సిటీ లా ఎంట్రన్స్ పరీక్షకు తర్ఫీదు కూడా ఇస్తారు. అయినా ఆమె మనసు హార్క్‌బ్రిడ్జ్ అంటోంది. అది నెల్ కోసం అంటోందో, తన కోసమే అంటోందో తెలియడం లేదు. "నువ్వేమంటావక్కా?" అని నెల్ అడిగినప్పుడల్లా, దేనికైనా ఠక్కున సలహా పారేసే కెర్రీ మాట మింగేసేది.

ఆగస్టులో స్కూలు పరీక్షల రిజల్ట్స్ వచ్చాయి. నెల్‌కు బ్రహ్మాండమైన గ్రేడ్లు. రెండు చోట్లా రమ్మంటున్నారు. మధ్యాహ్నానికల్లా ఏదో ఒకటి తేల్చాలి. అక్కచెల్లెళ్లు హార్క్‌బ్రిడ్జ్ హాల్లోకి వచ్చేసరికి లా టేబులు చుట్టూ పిల్లలు మూగి ఉన్నారు.

"బతికిపోయాను. కోర్సు నడుస్తుంది," అన్నాడు ఐవర్ వాళ్లను తప్పించుకుని వచ్చి.

"సంతోషం. ఇప్పుడొక నిజం చెప్పండి. నెల్‌కు ఓస్విన్స్ మంచిదా, ఇది మంచిదా? మీరు చెప్పిందే చేస్తాం. మీరు అబద్ధం చెప్పరు."

ఐవర్ తల అడ్డంగా ఊపాడు. "నన్ను అడగొద్దు కెర్రీ గారూ."

"అదేంటి?"

"కేసులో తన మనిషి ఉంటే జడ్జి ఏం చేస్తాడు? తప్పుకుంటాడు. నేనూ తప్పుకుంటున్నాను."

"నెల్ మీకేమవుతుందని?"

"నెల్ ఏమీ కాదు. నెల్ వాళ్లక్క..." అతని చెవులు ఎర్రబడ్డాయి. "నెల్ ఇక్కడ చేరితే మీరు ఇక్కడికి వస్తూ పోతూ ఉంటారు. నాకది కావాలి. చాలా కావాలి. అంచేత నా సలహా చెల్లదు."

కెర్రీకి నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి. "అయితే నాదీ చెల్లదు," అంది. "ఇన్నాళ్లూ నేను నోరు మూసుకున్నది అందుకే. మీరంటే నాకిష్టం. ఇదిగో, నోటితోనే చెప్తున్నా," అంటూ అతని చెయ్యి పట్టుకుంది.

వెనక నుంచి ఎవరో గొంతు సవరించుకున్నారు. నెల్ చేతులు కట్టుకుని నిలబడి ఉంది.

"హిస్టరీ, ఇంగ్లీష్, మ్యాథ్స్. ఇక్కడే," అంది. "ఓపెన్ ఈవెనింగ్‌లో హిస్టరీ మేడమ్‌తో నేను వాదించి వాదించి ఓడిపోయాను. ఇంతవరకూ నన్ను ఓడించిన టీచర్ లేదు. ఆవిడ దగ్గరే చదువుతాను."

"ఎవర్ని అడిగి తేల్చావే?"

"ఎవర్ని అడగను? జడ్జీలిద్దరూ తప్పుకున్నారుగా! ఇక దారిలోంచి కూడా కాస్త తప్పుకుంటే, నేను వెళ్లి పేరు రాయించుకుంటాను."

ఇద్దరూ పక్కకు జరిగారు. పట్టుకున్న చేతులు మాత్రం వదల్లేదు.