ఇప్పుడే చెప్పడం తొందరపాటు

చనిపోయిన మూడేళ్ళకు అన్నయ్య ఫోన్ చేశాడు.

"చిన్నోడా, టిఫిన్ చేశావా?"

అదే బొంగురు గొంతు. మాటకు ముందు అదే చిన్న దగ్గు. పిచ్చుక ఫోన్‌ను చెవికి గట్టిగా నొక్కుకున్నాడు.

"ఇవాళ బ్యాంకు వైపు వెళ్ళకు. నా మాట విను."

లైన్ కట్ అయింది.

"ఎవరు?" అన్నాడు బల్లకు అవతల కూర్చున్న పెద్దాయన.

"అన్నయ్య సార్."

"నీకెంతమంది అన్నయ్యలు?"

"ఒక్కడే. పోయాడు."

పెద్దాయన ఆశ్చర్యపోలేదు. పిచ్చుకను ఎక్కువ భయపెట్టింది అదే.

కళ్ళద్దాల దుకాణం వెనకగది అది. గోడకు కళ్ళ పరీక్ష చార్టు. పైవరుసలో తాటికాయంత అక్షరాలు, కిందికొచ్చేసరికి చీమలు. గూఢచారి ఏజెన్సీ హెడ్డాఫీసు అదేనని దుకాణం సేల్స్‌మన్‌కు కూడా తెలియదు. ఎంత ఇరుకు సందులోనైనా దూరిపోతాడని తన ఏజెంటుకు పిచ్చుక అని కోడ్ నేమ్ పెట్టింది పెద్దాయనే.

"అయితే గొంతులు అనుకరించే మెషీన్ సిద్ధమైందన్నమాట. నీ మీద ట్రయల్ వేశారు," అన్నాడు పెద్దాయన. "విను. అవతలి దేశాల్లో వడ్డీ రేట్లు పెరిగాయి. మన దగ్గరున్న విదేశీ పెట్టుబడి మూటాముల్లె సర్దుకుని అక్కడికి పోతోంది. మన కరెన్సీ వణుకుతోంది. అది కూలిపోతుందని హార్బర్ అనే ముఠా పందెం కాసింది. కూలకపోతే వాళ్ళు కూలతారు. అందుకని తోస్తున్నారు."

"ఎలా?"

"మధ్యాహ్నం సెంట్రల్ బ్యాంక్ గవర్నర్ ప్రకటన. అక్కడి పద్ధతి నీకు తెలుసు. విలేకరుల్ని కింద హాల్లో పెట్టి తాళం వేస్తారు. ఆయన పైన తన గదిలో మైకు ముందు చదువుతాడు. వాళ్ళకు మనిషి కనపడడు, గొంతే వినపడుతుంది. ఆ గొంతు ఏమంటే అది ప్రపంచమంతా పోతుంది. ఇవాళ అసలు గొంతు కంటే ముందు ఆ లైన్లో నకిలీ గొంతు మాట్లాడుతుంది. కరెన్సీని ఇక కాపాడలేం అంటుంది. తర్వాత గవర్నర్ వచ్చి కాదని మొత్తుకున్నా వినేవాడుండడు. రేపటికి మందులు దొరకవు, డీజిల్ దొరకదు. బ్యాంకుల ముందు జనం."

ఆ జనాన్ని పిచ్చుక ఒకసారి చూశాడు. అన్నయ్య ఆ బ్యాంకులోనే గవర్నర్ ప్రకటనలు రాసేవాడు. రాసింది టేపు మీద పైకి చదివి, ఎక్కడ మాట బరువెక్కుతోందో సరిచూసుకునేవాడు. పోయినసారి కరెన్సీ పడిపోయినప్పుడు ఇంటికి రావడం మానేశాడు. ఒక ఉదయం ఆఫీసు మెట్ల మీద గుండె పట్టుకుని కూర్చున్నాడు. గేటు బయట జనం అరుస్తూనే ఉన్నారు.

"మీ అన్నయ్య టేపులు చోరీ అయ్యాయి," అన్నాడు పెద్దాయన. "గవర్నర్ టేపులూ పోయాయి. లోపల మన మనిషి ఉంది. కోడ్ నేమ్ వెల్వెట్. గవర్నర్‌కు స్పీచ్ కోచ్. హార్బర్ ఆమె తమ మనిషే అనుకుంటోంది."

"మనమూ అలాగే అనుకుంటున్నాం కదా సార్."

"అనుకోకపోతే జీతమెందుకిస్తాం? వెళ్ళు. మెషీన్ కనపడితే ప్లగ్ పీకెయ్. సాహిత్యం వద్దు."

నెరిసిన మీసం, ఏసీ మెకానిక్ యూనిఫాం, వాచీలో రంపపు తీగ. పిచ్చుక బ్యాంకులో అడుగుపెట్టాడు.

పొడవాటి వరండాలు, మందపాటి తివాచీలు. ప్రకటనకు ముందు రోజుల్లో అక్కడ ఎవరూ ఏదీ తేల్చి చెప్పకూడదని నియమం. లిఫ్టులో పక్కవాడు ఎండగా ఉందంటే, రెండోవాడు అవునని కూడా అనడు. అన్నయ్య ఈ జబ్బును ఇంటికి తెచ్చాడు. కూరలో ఉప్పు సరిపోయిందా అని వదిన అడిగితే, "ప్రస్తుతానికి సమతుల్యంగానే కనిపిస్తోంది. గమనిస్తున్నాం," అనేవాడు. "గమనించింది చాలు, తినండి," అనేది వదిన.

ఆస్పత్రిలోనూ అంతే. నొప్పిగా ఉందా అన్నయ్యా అని పిచ్చుక అడిగాడు. "చెప్పుకోదగ్గ మార్పు లేదు." తగ్గుతుందంటావా? "ఇప్పుడే చెప్పడం తొందరపాటు." సాయంత్రానికి మంచం ఖాళీ అయింది. ఆ రెండు జవాబుల వెనక అసలు జవాబు ఏమిటో పిచ్చుకకు ఇప్పటికీ తెలియదు. నిద్రలో మళ్ళీమళ్ళీ అదే అడుగుతుంటాడు.

వరండా మలుపులో నల్లచీర, వెండి చెవిపోగులు, నడకలో తొందరలేని ఒకామె.

"ఇక్కడ గాలి ఆడటం లేదా?" అన్నాడు పిచ్చుక.

"ఆడుతోంది. దిక్కే తెలియడం లేదు," అంది వెల్వెట్. కోడ్ కలిసింది. గొంతు తగ్గించింది. "బేస్‌మెంట్‌లో పాత స్టోర్ రూమ్. మెషీన్ అక్కడే. త్వరగా. మీసం ఒకవైపు ఊడుతోంది, చూసుకో."

స్టోర్ రూమ్‌లో విరిగిన కుర్చీలు తప్ప ఏమీ లేవు. వెనక తలుపు మూసుకుంది. ఇనుప తలుపు. గోడ మీది స్పీకర్ చిన్నగా దగ్గింది.

"చెప్తే వినవు కదరా చిన్నోడా."

అది మెషీన్ అని పిచ్చుకకు తెలుసు. ఎక్కడో ఎవరో కీబోర్డు మీద టైప్ చేస్తున్నారనీ తెలుసు. అయినా తిరగబడ్డ కుర్చీని సరిచేసి, స్పీకర్‌కు ఎదురుగా వేసుకుని కూర్చున్నాడు.

"కాసేపు ఇక్కడే ఉండు. నాతో మాట్లాడు," అంది అన్నయ్య గొంతు. "వదిన ఎలా ఉంది?"

"బాగానే ఉంది. ఉప్పు తగ్గించింది."

"మంచిది."

పైన హాల్లో విలేకరులు చేరుతున్న అలికిడి పైపుల్లోంచి సన్నగా వినిపిస్తోంది. లేవాలి. ఇంకొక్క మాట, అనుకున్నాడు. ఒక్కటే.

"అన్నయ్యా, ఆ రోజు నొప్పి తెలిసిందా?"

స్పీకర్‌లో కొద్దిసేపు గరగర.

"లేదురా. అస్సలు తెలియలేదు. హాయిగా నిద్రపోయినట్టు పోయాను. నువ్వు బెంగపెట్టుకోకు."

మూడేళ్ళుగా అతను వినాలనుకున్నది అక్షరాలా అదే. కళ్ళు మూసుకుని ఆ మాటను లోపలికి దించుకోబోయాడు. దిగలేదు. అన్నయ్య జన్మలో ఒక్క ప్రశ్నకైనా ఇంత సూటిగా జవాబు చెప్పాడా? ఉప్పు గురించి చెప్పనివాడు చావు గురించి చెబుతాడా?

పిచ్చుక లేచాడు.

"ఎక్కడికి? కూర్చో," అంది గొంతు.

"నువ్వెవరో బాగా ఓదారుస్తావు," అన్నాడు పిచ్చుక. "మా వాడికి అది చేతకాదు."

స్పీకర్ వెనక దుమ్ముపట్టిన వైర్ల మధ్య ఒకే ఒక్క కొత్త తెల్ల కేబుల్. అది గోడ పైభాగాన ఏసీ డక్ట్‌లోకి పోతోంది. రంపపు తీగతో డక్ట్ జాలీ కోసి లోపలికి దూరాడు. మోచేతులు కొట్టుకుపోయాయి. కేబుల్‌ను వేళ్ళతో తడుముతూ పైకి పాకాడు. అది గవర్నర్ గది పక్కన, ఆయన చదవడం ప్రాక్టీస్ చేసే గది పైకప్పు దగ్గర కిందికి దిగింది. అతనూ దిగాడు, ప్లాస్టర్ ముక్కలతో సహా.

వెల్వెట్ మెషీన్ ముందు కూర్చుని ఉంది. సూట్‌కేసంత పెట్టె. కిందికి పోయే మైకు లైన్ దాని వీపులోకి దూర్చి ఉంది.

"నీ బరువు పెరిగింది," అంది, రివాల్వర్ తీస్తూ. "ముందైతే చప్పుడయ్యేది కాదు."

"మనవైపు ఉంటావనుకున్నాం."

"అక్కడ వడ్డీ ఎక్కువ. డబ్బు అటే పోతుంది. నేనూ అంతే. ఇందులో ద్వేషమేమీ లేదు." ఆమె నిజంగానే అలసటగా నవ్వింది. "కింద నీకు కావలసిన జవాబే ఇచ్చాను కదా. కూర్చోవలసింది."

"అందుకే దొరికావు."

గోడ మీద ఎర్రలైటు వెలిగింది. కింద హాల్లో లైన్ తెరుచుకుంది. పిచ్చుక చూపు ప్లగ్ మీదికి పోయింది. ఆమె అది గమనించింది.

"టేపులన్నీ కాల్చేశాం. మిగిలింది ఈ పెట్టెలోనే, అదీ కరెంటు ఉన్నంతసేపే. పీకితే గవర్నర్ గొంతొక్కటే పోదు." ఎడమచేత్తో, హాలు లైన్‌కు పోకుండా గదిలోనే వినిపించే కీ ఒకటి నొక్కింది.

"చిన్నోడా, ఆగరా. ఇంకోసారి పోనీయకు," అంది అన్నయ్య గొంతు.

పిచ్చుక చెయ్యి ఆగింది. నిజంగానే ఆగింది.

అప్పుడు అదే పెట్టెలోంచి గవర్నర్ గొంతు సవరించుకుంది. "మిత్రులారా, ఇక..."

పిచ్చుక నేలమీదికి పడ్డాడు. తూటా అతని మెకానిక్ టోపీని ఎత్తుకుపోయింది. పడుతూనే ప్లగ్ పట్టుకుని లాగాడు. పెట్టెలో ఏదో నిట్టూర్పులాంటిది పుట్టి, ఆగిపోయింది. అది ఫ్యాన్ చప్పుడే. ఫ్యానే అయి ఉంటుంది.

తూటా చప్పుడుకు గార్డులు లోపలికి వచ్చారు. వెల్వెట్ రివాల్వర్‌ను బల్ల మీద పెట్టి, చెవిపోగు సర్దుకుంది.

కింద హాల్లో విలేకరులు ఆ 'ఇక' తర్వాత మాట కోసం పెన్నులు ఎత్తిపట్టుకుని కూర్చున్నారు. కొంచెంసేపు గరగర. తర్వాత అసలు గవర్నర్ మైకు పట్టుకున్నాడు. వడ్డీ రేటు అర శాతం పెంచుతున్నామన్నాడు. కరెన్సీ మీద కొంత ఒత్తిడి కనిపిస్తోందనీ, అవసరమైన చర్యలు అవసరమైనప్పుడు అవసరమైన మేరకు ఉంటాయనీ చదివాడు. ఎవరో ఆవలించారు. దేశం నిలబడింది.

బయట, అన్నయ్య గుండె పట్టుకుని కూర్చున్న మెట్టు మీదే పిచ్చుక కూర్చున్నాడు. గేటు దగ్గర జనం లేరు. మీసం పీకి జేబులో పెట్టుకున్నాడు. ఫోన్ మోగితే ఉలిక్కిపడ్డాడు. వదిన.

"ఏమయ్యా, పొద్దుట్నించీ ఫోనెత్తవు. ఒంట్లో బాగానే ఉందా?"

బాగానే ఉంది అని చెప్పడానికే నోరు తెరిచాడు. ముందు చిన్న దగ్గు వచ్చింది.

"చెప్పుకోదగ్గ మార్పు లేదు వదినా. గమనిస్తున్నాం."

అవతల వదిన కుర్చీ లాక్కుని కూర్చున్న చప్పుడు.

"మీ ఇంట్లో ఒక్కరికైనా సూటిగా మాట్లాడటం వచ్చా?" అంది వదిన. ఫోన్ మాత్రం పెట్టెయ్యలేదు.