అయిదో ప్లాంటు ఐసు

"తొక్కు చిట్టియ్యా, తొక్కు!"

వ్యాను ఎగిరి పడుతుంది. మే నెల... మిట్టమధ్యాహ్నం... వెనక నలభై ఐసు దిమ్మలు. వాటి మీద ఊక. ఊక మీద టార్పాలిన్.

ఆ వెనక... తెల్ల సుమో!

"రత్నమాణిక్యం గారి బండేనండి బాబూ!" డ్రైవర్ చిట్టియ్య గేరు మారుస్తాడు.

పక్క సీట్లో రొయ్యల రైతు బుల్లబ్బాయి అద్దంలో చూస్తాడు. రోడ్డు పొడవునా తడి గీత. కరిగేది ఐసు కాదు, అతని ఆయుసు!

పొద్దున్నే చెరువులో రొయ్యలకి తెల్లమచ్చ తెగులు కనిపించింది. వెంటనే పట్టి ఐసులో పెడితే పంట దక్కుతుంది. లేదా... రొయ్యో మొర్రో!

చుట్టుపక్కల ఐసు ప్లాంట్లు నాలుగు. ఓనర్లు నలుగురు. రేటు మాత్రం ఒక్కటే, అందరి తరఫునా అది చెప్పేది రత్నమాణిక్యం! తెగులు కబురు అందగానే డబుల్ చేసేశారు. పైగా నలుగురూ తమ సరుకని గుర్తుకి ఐసులో నీలిమందు కలుపుతారు. ఏ గట్టు మీదైనా తెల్ల ఐసు కనిపించిందా... ఆ రైతుకి జన్మలో ఐసు అమ్మరు.

బుల్లబ్బాయి తెగించాడు. తునిలో అయిదో ప్లాంటుకి పోయాడు. పాత రేటే! ఊక కప్పి సిద్ధంగా ఉన్న లోడు. ఎండలో ఊక తీసి చూసేదెవడు?

ముందు రైల్వే గేటు... దిగుతోంది!

"ఆపమంటారా?"

"ఆపితే మనమే ఐసైపోతాం!"

గేటు వ్యాను టాపుని గీరుతుంది. దాటేశారు! గూడ్సు అడ్డం... సుమో అవతల!

చెరువు గట్టు. వలల్లో రొయ్యలు టపటపా ఎగురుతున్నాయి. భార్య సత్యకుమారి ఎదురు పరిగెత్తుతుంది.

"ఐసేదండీ? చచ్చిపోతున్నాయండీ!"

"తెచ్చానే!"

టార్పాలిన్ లాగుతాడు. ఊక తోస్తాడు.

నీలం!

పక్క దిమ్మ... అదీ నీలం!

సుమో తాపీగా వచ్చి ఆగుతుంది. రత్నమాణిక్యం గొడుగు విప్పుకుని దిగుతాడు. అతని మనుషులు వ్యాను చుట్టూ నిలబడతారు.

"అంత పరుగెందుకండీ? సోమవారం నుంచి తుని ప్లాంటూ మా జట్టులోదే. మీరు బయల్దేరాక అక్కడా రేటు మారింది. ఆ తేడా ఇచ్చి దించుకోండి."

"సరుకు అమ్మాక ఇస్తానండి! మీ కాళ్లు పట్టుకుంటాను!"

"తొందరేం లేదండి. మేం ఆగుతాం." గొడుగు సర్దుకుంటాడు. "ఐసే ఆగదు."

ఠాప్!

సత్యకుమారి చెవులు మూసుకుంటుంది.

తుపాకీ కాదు... ఎండకి దిమ్మ నిలువునా పగిలింది. నీలం నీళ్లు గట్టు దిగుతున్నాయి.

వలలో రొయ్యలు ఎగరడం మానేశాయి.