కోమల వద్దన్న భయం పాఠం

అమరేందర్ కాగితం సంచిని గాలితో ఉబ్బించి కోమల చెవి పక్కన ఫట్‌మని పేల్చాడు.

క్లాసంతా ఉలిక్కిపడింది. కిటికీ మీది పావురం లేచి పోయింది. కోమల మాత్రం మెల్లగా తల తిప్పి, "అయిపోయిందా? ఇంకోటి ఉన్నదా?" అంది.

నల్లగొండ గడియారం సెంటర్‌లో, చెప్పుల దుకాణం పైగదిలో నడిచే అరబ్బీ క్లాసు అది. కువైట్ ఆసుపత్రుల్లో పనికి పోదలచినవాళ్లు సాయంత్రాలు వచ్చి నేర్చుకుంటారు. కోమల నర్సు. అమరేందర్ ఎక్స్‌రే టెక్నీషియన్. పాఠం చెప్పే రిజ్వానా మేడం చాలా ఏళ్లు కువైట్‌లో పనిచేసి వచ్చింది. భయం మాటలు పుస్తకంలోంచి రావని ఆమె నమ్మకం. అందుకే పక్కవాళ్లను అదరగొట్టమంటుంది. అదిరినవాళ్లు అరబ్బీలోనే అరవాలి. "అమ్మో" అని జారితే ఆ పూట అందరి చాయ్ వాళ్ల మీదే.

"కోమలా, ఉలిక్కిపడితే ఏమంటరు?"

"యుమ్మా."

"గుండె జారితే?"

"తాహ్ గల్బీ."

"నాకు భయమైతాందీ అనాలంటే?"

కోమల పుస్తకం మూసేసింది.

"అనా ఖాయిఫా," అమరేందర్ అందించాడు. "మొగోళ్లయితే ఖాయిఫ్. నేను రోజూ అంటనే ఉంట."

"అను. నీకు అవసరం," అంది కోమల. "మేడం, పేషెంట్ గా మాటంటే నాకు సమజైతది. నేనెందుకు అనాలె? నేనైతే అన."

కోమల అని పేరు పెట్టినందుకు ఆ పిల్ల పుట్టినప్పటి నుంచీ లోకానికి బదులు చెబుతూనే ఉంది.

అమరేందర్ సంగతి వేరు. ఊరందరి ఎముకలూ నింపాదిగా చూసే మనిషి, గోడ మీద బల్లి కనిపిస్తే బెంచీ ఎక్కేవాడు. ఎక్కి, "భయమైతాంది, ఎవరన్న కొట్టుండ్రి" అని సిగ్గులేకుండా చెప్పేవాడు. మొదట్లో కోమలకు అది చిరాకు తెప్పించింది. తర్వాత ఎందుకో అదే నచ్చింది. ఆ ముక్క ఎవరికీ చెప్పలేదు. అసలేదైనా చెప్పే అలవాటు ఉంటే గదా.

ఒకనాడు క్లాసు విడిచేసరికి వాన దంచుతోంది. చెప్పుల దుకాణం రేకు కింద ఇద్దరే నిలబడ్డారు.

"శుక్రవారం ఇంటర్వ్యూ. మా నాయిన పోవద్దంటుండు," అంది కోమల.

"ఎందుకట?"

"ఒక్కదాన్నయితే పంపడట. పెళ్లి చేసుకొని పోవాల్నట."

అమరేందర్ తడుస్తున్న తన బండి తాళం జేబులో వేసుకున్నాడు. ఉన్న కాస్త ధైర్యం కూడగట్టుకున్నాడు.

"అయితే చేసుకుందాం."

"ఏంది?"

"పెళ్లి. గప్పుడు పంపుతడు గదా."

అడిగిన మాట మంచిదే. చెప్పిన కారణమే కొంప ముంచింది.

"నా పెళ్లేమన్న గేట్ పాసా? చూపెట్టి బయటికి పోనీకి?"

"అట్ల గాదు కోమలా..."

"ఎట్ల మరి?"

ఎట్లాగో అతను చెప్పేలోపే వానలోకి దిగి, పానగల్‌లోని తమ ఇంటివైపు పోయే ఆటో ఎక్కేసింది. గొడుగు చేతిలోనే ఉంది. అంత కోపంలో గొడుగు తెరిచే తీరిక ఎవరికుంటుంది?

శుక్రవారం వచ్చింది. ఇంటర్వ్యూ ఫోను వీడియోలోనే. కోమల ఫోనును బత్తాయి గంపకు ఆనించి పెట్టుకుని కూర్చుంది. తండ్రి జంగయ్య ఎదురుగా కుర్చీ వేసుకున్నాడు.

"నాయినా, నువ్వు తోటకు పోరాదు?"

"పోను. హైదరాబాద్ హాస్టల్ల టైఫాయిడ్ పట్టుకుంటే నాకెప్పుడు తెలిసింది? తగ్గినంక. అడిగితే ఏంగాలే అన్నవ్. గింత దగ్గరుండి చెప్పకపోతివి. గా దేశంల భయమైతే ఎవ్వలకు జెప్తవే?"

అంతలో ఫోను మోగింది.

తెర మీద కువైట్ ఆసుపత్రి పెద్ద నర్సు, గుండ్రటి కళ్లద్దాలతో. పని గురించి అడిగింది, కోమల చెప్పింది. తర్వాత ఆమె రోగిలా గుండె పట్టుకుని "తాహ్ గల్బీ!" అని వణికింది. "లా త్ఖాఫీన్," భయపడకమ్మా అని కోమల సముదాయించింది. పెద్ద నర్సు మురిసింది. ఉన్నట్టుండి కళ్లద్దాలు తీసి సూటిగా అడిగింది.

"ఇంత దూరం ఒక్కదానివే వస్తావు. ఖాయిఫా?"

లేదన్న మాట కోమల నాలుక మీద తయారుగానే ఉంది. ఎదురుగా తండ్రి, అరబ్బీ ముక్క రాకపోయినా, కూతురి మొహంలోకే చూస్తున్నాడు.

"ఏ," అంది కోమల. అంటే అవునని. "అనా ఖాయిఫా. బస్ జాయ్యా."

పెద్ద నర్సు నవ్వింది. "తఆలీ," రమ్మంది.

ఫోను ఆగాక జంగయ్య అడిగాడు: "ఏమన్నవే?"

"భయమైతాంది అన్న. అయినా వస్తున్న అన్న."

"నిజంగనే అయితాందా?"

"శానా అయితాంది నాయినా."

జంగయ్య బత్తాయి ఒకటి వొలిచి సగం ఆమె చేతిలో పెట్టాడు.

"గీ మాట మొదలే జెప్తే ఇంత లొల్లి ఎందుకయ్యేది? పో. భయమైన దినం గిట్లనే ఫోన్ జేసి జెప్పు."

"మరి పెళ్లి?"

"నీ ఇష్టం."

మర్నాడు కోమల నేరుగా ఎక్స్‌రే గది ముందు నిలబడింది. అమరేందర్ తలుపు తీసి, తిరిగి వేసేద్దామా అన్నట్టు చూశాడు.

"నాకు ఉద్యోగమొచ్చింది. మా నాయిన సరేనన్నడు. ఇప్పుడు జెప్పు, ఆనాడు పెళ్లి ఎందుకన్నవ్?"

"నువ్వు పోతవని భయమై."

"ఇంకా?"

"నువ్వు పోకుండ ఆగిపోతే ఇట్ల కొట్లాడే కోమల మిగలదని భయమై."

"ఇష్టమని అననీకి ఏమైంది?"

"దానికి ఇంకింత భయం."

కోమల నవ్వును పంటి కింద పట్టి ఆపింది. "నేనైతే పోతున్న. నీకు వీసా వస్తే రా, రాకుంటే ఈడనే ఉండు, నేనే వస్త. పెళ్లి నిన్నే చేసుకుంట. పోనీకి గాదు, నచ్చినవని. నాకూ భయమే అయితాంది, జల్ది ఊఁ అను."

"ఊఁ," అన్నాడు అమరేందర్.

ఆ సాయంత్రమే అతన్ని పానగల్ తీసుకుపోయింది. జంగయ్య వాకిట్లో బత్తాయిలు ఏరుతున్నాడు. అమరేందర్ గేటును గట్టిగా పట్టుకుని అక్కడే ఆగిపోయాడు.

"ఎవరే గాయన? గన్ని చెమటలేంది?"

"అమరేందర్. ఎక్స్‌రేలు తీస్తడు. నువ్వంటే భయపడ్తుండు."

"కనబడ్తనే ఉంది. ఏమడగనీకి వచ్చిండు?"

"అడిగింది నేను నాయినా. ఈయన ఊఁ అన్నడు."

జంగయ్య చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది. కూతురినీ, గేటు దగ్గరి మనిషినీ మార్చి మార్చి చూశాడు.

"మరి నన్నేమడుగుతరింక?"

"అడుగుతలేం. చెప్తున్నం."

జంగయ్య మీసం కాస్త కదిలింది.

"చెప్పిండ్రు గదా. ఇగ లోపలికి రమ్మను. గేటు ఊడదీసేటట్టున్నడు."