ఏడో తొట్టె

మధ్యాహ్నం పన్నెండు కొట్టేసరికి విర్‌వాన్ ఎస్టేట్‌లో కత్తెరల చప్పుడు ఆగిపోయింది. కోతకొచ్చిన వాళ్ళంతా ద్రాక్ష వరుసల్లోంచి బయటపడి, ముంగిట్లో వేసిన పొడుగాటి బల్లల చుట్టూ చేరారు. క్యాబేజీ సూపు, గట్టి రొట్టె, నిరుటి వైను. జిరోండ్ నది మీంచి వచ్చే గాలికి బల్ల మీది గుడ్డలు రెపరెపలాడుతున్నాయి.

గాస్పార్ ఒక్కడే గ్లాసు పట్టుకుని లేచాడు.

"సూపు చల్లారిపోతుందయ్యా! నీ తొట్టెలు కాళ్ళొచ్చి పారిపోతాయా?" అని ఎవరో కేకేశారు.

"పారిపోతే నిన్నే పట్టుకొమ్మని పంపుతాలే," అన్నాడు గాస్పార్. అందరూ నవ్వారు. ఆ నవ్వు తన వీపుకి తగలకముందే అతను గబగబా ద్రాక్షరసం పులిసే తొట్టెల శాల వైపు నడిచాడు.

ముప్పై ఏళ్ళుగా ఆ ఎస్టేట్‌లో వైను తయారీ అతని చేతిమీదే సాగుతోంది. తొక్కలతో కలిసి పులిసే రసాన్ని ఏ రోజు వేరు చెయ్యాలో వాసన చూసి చెప్పేవాడు. ఒక్కరోజు అటూ ఇటూ అయితే ఏడాది కష్టం మామూలు వైనయిపోతుంది. "నీ ముక్కే నా ఆస్తి, గాస్పార్," అనేది యజమానురాలు మదాం క్లోతిల్డ్.

ఆ ముక్కు చచ్చిపోయి మూడేళ్ళయింది. ఒక జ్వరం వచ్చి తగ్గింది గానీ, వాసన తిరిగి రాలేదు. ఆ సంగతి భార్య మేలిస్‌కి తప్ప ఎవరికీ చెప్పలేదు. సీసాలకి కాగితాలు అంటించే పని ఆమెది. అందరూ భోజనాలకి కూర్చున్న వేళ ఆమె అతనితోపాటు నిచ్చెనెక్కి, తొట్టెల మూతలు తీసి వాసన చూసేది. అతని చెవిలో చెప్పేది. సాయంత్రం అతను అదే మాట మదాం దగ్గర చెప్పి మెప్పు పొందేవాడు.

నిరుడు అక్టోబరులో మదాం పిలిచిందని గాస్పార్ కాస్త ఆలస్యం చేశాడు. మేలిస్ ఒక్కతే ఎక్కింది. ఏడో తొట్టె మీద వంగింది. రసం పులిసేటప్పుడు పుట్టే గాలికి రంగుండదు. రెండు ఊపిర్లు పీలిస్తే మనిషికి తెలివి తప్పుతుంది. అతను వచ్చేసరికి మూత తీసి ఉంది. తొక్కల మీద ఆమె తలగుడ్డ తేలుతోంది.

కాగితాలు అంటించే మనిషికి తొట్టె మీద ఏం పని? ఊరంతా ఆ ప్రశ్నే అడిగి, జవాబు కూడా తానే చెప్పుకుంది. పిల్లల్లేని దిగులు, కావాలనే పడిపోయిందని. మేలిస్ తల్లి ఎర్నెస్తీన్ కూతుర్ని పూడ్చిన రోజున అతని చెయ్యి పట్టుకుని ఒక్కటే అడిగింది.

"నా బిడ్డకి నీ ఇంట్లో ఏదైనా కష్టం కలిగిందా, నాయనా?"

"నాకేం తెలియదు అత్తయ్యా," అన్నాడు గాస్పార్.

శాలలో చీకటి. ఎండలోంచి వచ్చిన కళ్ళకి ముందు ఏమీ కనిపించలేదు. చప్పుడు మాత్రం వినిపించింది. పన్నెండు తొట్టెల్లో పులుస్తున్న రసం సన్నగా బుసబుసమంటోంది.

ఏడో తొట్టె నిచ్చెనెక్కి, పైన పరిచిన చెక్కల మీద నిలబడి మూత పక్కకి జరిపాడు. వెచ్చటి ఆవిరి మొహానికి కొట్టింది. వాసన లేదు. తోడుకున్న రసం నాలుకకి పుల్లగా, వగరుగా తగిలింది, అంతే. ఆమె లేకుండా ఈ ఏడాది ఎలా తప్పించుకోవడం? అలా ఆలోచిస్తూ నిలబడ్డాడు.

"ఇంకా రెండు రోజులు."

చెవి పక్కనే. గ్లాసు జారబోయింది. వెనక్కి తిరిగాడు. ఎవరూ లేరు. ఆ గొంతు అతనికి తెలుసు. ముప్పై ఏళ్ళు పక్కన పడుకున్న గొంతు.

భయం కంటే ముందు ఏడుపొచ్చింది.

"మేలిస్…"

బుసబుసలు ఆగాయి. పన్నెండు తొట్టెలూ ఒక్కసారే మూగబోయాయి. తర్వాత ఆ గొంతు చెవి దగ్గర్నుంచి కాదు… కింద నుంచి వచ్చింది. నల్లటి తొక్కల పొర అడుగు నుంచి.

"అమ్మకి చెప్పావా?"

గాస్పార్ తొట్టె అంచు పట్టుకున్నాడు.

"లేదు," అన్నాడు.

"ఎవరికైనా చెప్పావా?"

"లేదు…"

తొక్కల పొర మెల్లగా పైకి లేచింది. దిగింది. మళ్ళీ లేచింది. నిద్రపోయే మనిషి రొమ్ములా.

"అయితే… రా."

వెళ్ళకూడదని తెలుసు. అయినా వంగాడు. ముక్కులో సూదులు గుచ్చినట్టయింది. ఇంకొంచెం… ఆమె మొహం అక్కడే ఉంది, అందేంత దగ్గర్లో… ఇంకొంచెం…

"ఏమయ్యో అల్లుడూ! తిండి మానేసి ఆ చీకట్లో ఎవరితో ముచ్చట్లు?"

ఎర్నెస్తీన్. సూపు గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడింది. ఆ కేకకి గాస్పార్ ఉలిక్కిపడి చెక్కల మీద వెల్లకిలా పడ్డాడు. ముసలావిడ గిన్నె కింద పెట్టి, ఆయాసపడుతూ నిచ్చెనెక్కి, అతని చొక్కా పట్టి దూరంగా లాగింది.

"నువ్వు కూడానా? నన్నొక్కదాన్నీ చేసి పోదామనుకున్నావా?"

అప్పుడు చెప్పాడు. ముక్కు సంగతి, భోజనాల వేళ సంగతి, తాను ఆలస్యం చేసిన సంగతి, ఏడాదిపాటు నోరు మూసుకున్న సంగతి. ఒక్కటీ దాచలేదు.

ఎర్నెస్తీన్ చెక్కల మీద చతికిలబడింది.

"ఏడాది పొడుగునా నా బిడ్డని తిట్టుకున్నానయ్యా," అంది. "ముసలి తల్లిని వదిలేసి పోయావేమే అని. ఒక్క పువ్వు పెట్టలేదు సమాధి మీద. ఒక్క పువ్వు…"

అతన్ని కొట్టలేదు, తిట్టలేదు. గోడ పట్టుకుని, ఒక్కో మెట్టూ తడుముకుంటూ దిగి వెళ్ళిపోయింది.

గాస్పార్ బల్లల దగ్గరికి వెళ్ళి, టోపీ తీసి, మదాం ముందూ కోతవాళ్ళందరి ముందూ ఆ మాటలే మళ్ళీ చెప్పాడు. ఎవరూ సూపు ముట్టలేదు. ఏడో తొట్టెలో రసం పారబొయ్యమని మదాంని బతిమాలాడు. ఆవిడ ఒప్పుకోలేదు. సరిగ్గా రెండు రోజుల తర్వాత అందులోంచి రసం తీశారు. అంత మంచి వైను ఆ నేలలో ఎన్నడూ పుట్టలేదన్నారు. గాస్పార్‌కి పీపాలు కడిగే పనిచ్చారు. వంచిన తల ఎత్తకుండా చేసుకున్నాడు. ఆదివారాలు ఎర్నెస్తీన్‌తో సమాధికి వెళ్ళేవాడు. ఇద్దరూ మాట్లాడుకునేవాళ్ళు కాదు.

వసంతంలో కొత్త వైను రుచి చూడ్డానికి బోర్డో నుంచి వ్యాపారులు వచ్చారు. వాళ్ళలో పెద్దాయన ఒకడు ఏడో తొట్టె వైను గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని, తియ్యడం మరిచిపోయాడు. నిమిషం గడిచింది. రెండు నిమిషాలు. మదాం నవ్వుతూ భుజం తట్టింది.

"నచ్చిందా, మెస్యే?"

ఆయన మొహం పాలిపోయి ఉంది.

"ఇందులో ఎవరో మాట్లాడుతున్నారు," అన్నాడు గుసగుసగా. "ఒకామె ఏదో అడుగుతోంది… ఒక మగమనిషి 'లేదు… లేదు' అంటున్నాడు. పాపం, ఎంత భయమో ఆ గొంతులో."

గది మూల పీపా తుడుస్తున్న గాస్పార్ ఈ మాట విని లేచాడు. దగ్గరికొచ్చాడు.

"ఏమంటున్నాడు, అయ్యగారూ?"

పెద్దాయన చేతిలోంచి గ్లాసు జారి పగిలింది. గాస్పార్ నోటి వైపూ, నేలమీద పాకుతున్న ఎర్రటి వైను వైపూ మార్చి మార్చి చూశాడు.

"ఇదే గొంతు," అన్నాడు.