గురువారం మాస్టారు

బాత్‌రూమ్ గుమ్మం దగ్గర కొత్త రబ్బరు మ్యాట్ వేసి ఉంది. జనార్దనరావు దాన్ని పాదంతో నొక్కి చూశాడు. జారడం లేదు. గోడకి, చెయ్యి పెట్టి పట్టుకోవడానికి స్టీలు కడ్డీ కూడా బిగించారు. వీళ్లకి ఎవరు చెప్పారు?

మొన్న స్నానానికి వెళ్లి ఆయన జారాడు. కుళాయి చేతికి అందింది కాబట్టి సరిపోయింది. కొడుకుకి చెప్పలేదు, కోడలికీ చెప్పలేదు. చెబితే పార్కుకి కూడా ఒంటరిగా వెళ్లనివ్వరని భయం. ఒక్క మనిషికి మాత్రం చెప్పాడు. ఆ మనిషి ఈ ఇంట్లో లేడు.

వంటింట్లో భానుశ్రీ ఇడ్లీలు తీస్తోంది. ఈ మ్యాట్ ఎక్కడిదమ్మా అని అడిగితే, అపార్ట్‌మెంట్ సొసైటీ గేటు ముందు అమ్ముతుంటే కొన్నానంది, తల ఎత్తకుండా. కాసేపటికి రెండో గ్లాసు కాఫీ తెచ్చి ఆయన ముందు పెట్టింది. ఆయన అడగలేదు. రెండోసారి తాగాలనుంటుందనీ, కోడల్ని అడగడానికి మొహమాటమనీ ఆయన ఆ ఒక్క మనిషికే చెప్పుకున్నాడు.

కాఫీ బాగుంది. అయినా సగంలోనే గ్లాసు కింద పెట్టాడు. ఈ పిల్ల తన ఫోను చూస్తోందా?

ఆ మనిషి పేరు ఆయనకి తెలియదు. భార్య కృష్ణకుమారి పోయాక తణుకు నుంచి దేశ రాజధానిలోని ద్వారకలో కొడుకు దగ్గరికి వచ్చిన కొత్తలో, పార్కులో పరిచయమైన రామమోహనరావు ఆయన్ని ఫోన్లో 'అరుగు' అనే గుంపులో చేర్చాడు. పిల్లల దగ్గర ఉంటున్న పెద్దవాళ్లు అందులో మారుపేర్లతో కష్టసుఖాలు రాసుకుంటారు. విడిగా మాట్లాడాలనుకునేవాళ్లకి ఆ గుంపు నడిపేవాళ్లు జవాబిస్తారు. వాళ్ల పేర్లూ బయటపడవు. ఎవరు రాసినా జవాబు 'అరుగు' పేరుతోనే వస్తుంది.

అయితే గురువారం సాయంత్రం జవాబిచ్చే మనిషిని జనార్దనరావు ఆ తెలుగును బట్టే గుర్తుపట్టేవాడు. మాట తూచినట్టు ఉంటుంది. తొందరపడి ఓదార్చదు. ఎవరో రిటైరైన తెలుగు మాస్టారే అయి ఉంటాడని తీర్మానించుకుని 'మాస్టారూ' అని రాశాడు. అవతలి మనిషి కాదనలేదు.

తణుకులో గురువారం సాయంత్రాలు కృష్ణకుమారి బాబా గుడికి వెళ్లేది. దండం పెట్టుకోవడం మీద ఈయనకి గురి లేదు. బయట చెప్పుల దగ్గర నిలబడి, ఆవిడ ఎప్పుడొస్తుందా అని చూసేవాడు. ఇప్పుడు ఆ వేళకి ఎవరి కోసమూ చూడనక్కర్లేదు. అందుకే మాస్టారికి రాసుకుంటాడు.

సరిగ్గా అదే వేళకి కోడలు గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంటుంది.

భానుశ్రీది ఇంట్లోంచి చేసే ఉద్యోగం. ఏదో కంపెనీ నడిపే ఆన్‌లైన్ కమ్యూనిటీలు చూసుకుంటుందని నిరంజన్ తండ్రికి చెప్పాడు. ఏ గుంపన్నది ఇంట్లో కూడా చెప్పకూడదట. మొదట్లో ఆ పనికి వేళాపాళా ఉండేది కాదు. పోపు వేస్తూ జవాబులు రాసేది, అన్నం కలుపుతూ ఫోను చూసేది. నిరంజన్ విసుక్కుంటే, ఒక ఆదివారం మొగుడూ పెళ్లాం కూర్చుని వారానికి ఒక పద్ధతి పెట్టుకున్నారు. పొద్దున వంటయ్యాక, రాత్రి పేరుకున్న రాతలు చదివి, చెడ్డవి తీసేయడం. మధ్యాహ్నం కునుకు, అప్పుడు ఎవరూ పిలవకూడదు. బాధల్లో ఉన్నవాళ్లతో మాట్లాడే పని వరసగా రెండు రోజులు పెట్టుకోకూడదు, మర్నాడు తేలిక పనే చేయాలి. ఆదివారం ల్యాప్‌టాప్ బీరువాలో. గురువారం సాయంత్రం ఇద్దరిదీ. ఆ రోజు నిరంజన్ నోయిడా నుంచి పెందరాళే వస్తాడు, కలిసి మార్కెట్ దాకా నడుస్తారు.

ఇల్లు తెరిపిన పడింది. అంతలో భానుశ్రీ గురువారం సాయంత్రాన్ని మళ్లీ పనిలో కలుపుకుంది. బదులుగా మంగళవారం ఖాళీ చేశానంది. మంగళవారాలు నిరంజన్‌కి ఆఫీసులో కుదరదని ఆమెకి తెలుసు. ఎందుకు మార్చావంటే, అవసరం పడిందంది. ఇంకేమీ చెప్పలేదు.

మిగతా రోజుల్లో 'హా జీ, ఠీక్ హై' అంటూ గట్టిగా ఫోన్లు మాట్లాడే పిల్ల, గురువారం మాత్రం ఆ తలుపు వెనక చడీచప్పుడూ లేకుండా ఉంటుంది. జనార్దనరావుకి అదే మరీ అనుమానం. ఒకసారి మంచినీళ్లకి బయటికొస్తే కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఇంకోసారి తనలో తను నవ్వుకుంటోంది.

అదీ మాస్టారికే రాశాడు. "మా కోడలు మంచి పిల్లే. కానీ తలుపేసుకుని ఎవరితోనో రాసుకుంటోంది. నా ఫోను కూడా చూస్తోందేమో. మావాడికి చెప్పమంటారా?"

చాలాసేపటికి జవాబు వచ్చింది. "చెప్పేముందు ఆమెనే ఒకసారి అడిగి చూడండి."

కోడల్ని అడగడానికి ఆయనకి నోరు రాలేదు. కొడుకు చెవిన మాత్రం వేశాడు. తను గదిలోకి వెళితే భార్య ల్యాప్‌టాప్ మూసేయడం నిరంజన్ కూడా చూశాడు.

తర్వాతి గురువారం నిరంజన్ చెప్పకుండా ముందే వచ్చేశాడు. బూట్లు విప్పకుండానే, తలుపేసుకుందా అన్నట్టు తండ్రి వంక చూశాడు. సోఫాలో ఉన్న జనార్దనరావు తల ఊపి, చేతిలో ఫోన్లో గబగబా రాశాడు. "మావాడు వచ్చాడు మాస్టారూ. ఇప్పుడు అడిగేస్తాడు. నేను తప్పు చేశానా?"

తెర మీద 'అరుగు రాస్తున్నారు' అన్న మాట పక్కన చుక్కలు కదులుతున్నాయి.

నిరంజన్ గది తలుపు కొట్టాడు. చుక్కలు ఆగిపోయాయి.

తలుపు తీసుకుని భానుశ్రీ వచ్చింది. ల్యాప్‌టాప్ చేతుల్లోనే ఉంది. మొగుడి వంక కాకుండా ముందు మామగారి వంక చూసింది.

"ఎవరితో మాట్లాడుతున్నావు?" అన్నాడు నిరంజన్.

"పనిలో ఉన్నానండీ."

"మన సాయంత్రం తీసి ఎవరికిచ్చావు? పేరు చెప్పు, చాలు."

"చెప్పకూడదు. కంపెనీ పద్ధతి మీకు తెలుసు."

"మనం పెట్టుకున్న పద్ధతి ఏమైంది మరి? అదిలా ఇవ్వు, నేను చూస్తాను. చూపించకపోతే రేపే మానెయ్యి ఈ ఉద్యోగం."

ఆమె ల్యాప్‌టాప్‌ని గుండెకి హత్తుకుంది. "మానేస్తాను. చూపించను."

"అంత కావలసినవాడా?"

ఆమె కళ్లు నిండాయి. "అవును," అంది.

జనార్దనరావు తెర చూసుకున్నాడు, తలుపు కొట్టినప్పుడు ఆగిన చుక్కలు మళ్లీ కదల్లేదు. బొటనవేలితో ఒక్క మాట రాశాడు. మాస్టారూ. పంపాడు.

కోడలి చేతుల్లోని ల్యాప్‌టాప్ టింగుమంది.

ఆమె కిందికి చూడలేదు. చూడనక్కర్లేకపోయింది. ఆయన ఫోను ఎవరూ తాకలేదు. జారిన సంగతి, కాఫీ సంగతి, కృష్ణకుమారి సంగతి, అన్నీ తనే వారం వారం ఈ పిల్లకి చెప్పుకున్నాడు. ఈ పిల్ల మీద అనుమానం కూడా.

"నిరంజన్," అన్నాడు ఆయన. "ఆ మనిషిని నేనేరా."

నిరంజన్‌కి అర్థం కాలేదు. తండ్రి చాచిన ఫోను తీసుకుని నిలబడే చదవడం మొదలుపెట్టాడు. చదువుతూ చదువుతూ నేల మీద కూర్చున్నాడు.

"బాత్‌రూమ్‌లో జారావా నాన్నా? నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు బూట్లు విప్పేలోపే నిద్రలో ఉంటావు కదరా."

భానుశ్రీ గోడకి ఆనుకుని నెమ్మదిగా చెప్పింది. బాబా గుడి బయట చెప్పుల దగ్గర కాపలా కాసే మొగుడి గురించి అత్తగారు నవ్వుతూ చెప్పేవారట. ఆ మాటే అరుగులో చదివినప్పుడు ఆయనెవరో తెలిసిపోయింది. రాసేది తెలిసినవాళ్లయితే వేరేవాళ్లకి అప్పగించాలన్నది కంపెనీ పద్ధతి. గురువారం ఖాళీ చేసుకున్నప్పుడు తనతో పనిచేసే ప్రవల్లికకి అప్పగించింది కూడా.

"ఆ వారం మీరు 'మాస్టారు లేరా, సరే' అని రాసి వెళ్లిపోయారు, మావయ్యగారూ. ఆ 'సరే' చదివి నేను తట్టుకోలేకపోయాను. అందుకే మళ్లీ తీసుకున్నాను. మిమ్మల్ని మోసం చేశాను."

"నీ మీద చాడీలు నీకే రాయించుకున్నావు కదే పిచ్చితల్లీ," అన్నాడు జనార్దనరావు. "ఆ మాస్టారి తెలుగు ఎక్కడిదే నీకు?" అని అడిగాడు.

"మా ఊరి బడిదండీ. వాక్యం కుదిరేదాకా మా సారు ఇంటికి పంపేవారు కాదు."

నిరంజన్ లేచి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఆమె విడిపించుకోలేదు గానీ, అతని వైపు చూడడానికి చాలాసేపు పట్టింది. గురువారం మళ్లీ ప్రవల్లికకి ఇచ్చేస్తానంది.

"ఇచ్చెయ్యి. కోడలి మీద చాడీలు చెప్పుకోవడానికి బయట ఒక మనిషి ఉండాలి కదా," అన్నాడు ఆయన. ఆమె ఏడుస్తూనే నవ్వింది.

తర్వాత ఆయన కొడుకు చేతిలోంచి ఫోను తీసుకుని, కళ్లజోడు సర్దుకుని ఏదో రాశాడు. ఎదురుగా కూర్చున్న భానుశ్రీ ఒడిలో ల్యాప్‌టాప్ తెరిచి చదివింది.

"మాస్టారూ, మా కోడల్ని అనుమానించాను. నోటితో అడగలేను. క్షమించమని ఎలా అడగాలి?"

ఆమె చెంగుతో కళ్లు తుడుచుకుని రాయసాగింది. ఆయన తెర మీద చుక్కలు కదిలాయి.

"అడిగేశారు, మావయ్యగారూ."