పెద్దావిడ ముక్క

"ఈ ఇన్వర్టర్ అమ్మింది మీరేనా?"

టీ గ్లాసు నోటిదాకా తెచ్చిన దివాకర్ చెయ్యి అక్కడే ఆగింది. షాపు గుమ్మంలో ఒక అమ్మాయి నిలబడి ఉంది. బయట వాన దంచుతోంది. చున్నీ చివర్ల నుంచి నీళ్ళు కారుతున్నాయి, చూపు మాత్రం మండుతోంది.

"ఏ ఇన్వర్టర్ మేడం?"

"వెంకటసుబ్బారావు గారింట్లో పెట్టింది. ఎనిమిది గంటలొస్తుందన్నారు. రెండు గంటలకే ఆగిపోయింది. అవతల చేపలకి ఊపిరాడట్లేదు!"

"ఎవలకి?"

"చేపలకండీ, చేపలకి!"

దివాకర్ నవ్వు ఆపుకోవాలనే చూశాడు, కుదరలేదు. అతను ఇబ్రహీంపట్నం చెరువులో వల వేసే కాశయ్య కొడుకు. నడక కంటే ముందు ఈత నేర్చిన మనిషి.

"మా బాపు చిన్నప్పటిసంది చెరువుల చేపలు పడ్తున్నడు మేడం. గా చెరువుల ఒక్క చేపకు సుత ఇన్వర్టర్ లేదు."

"మీ చేపలు చచ్చాకే కదా మీ ఇంటికొస్తాయి? మావి బతకాలి."

దివాకర్ నవ్వు ఆగిపోయింది. టూల్స్ సంచి భుజాన వేసుకుని ఆమె స్కూటీ వెనకాల బండి తీశాడు.

తప్పు ఇన్వర్టర్‌ది కాదు. ఫ్రిజ్ కూడా ఎవరో ఆ లైన్‌లోనే తగిలించారు. పైగా బ్యాటరీలో నీళ్ళు అడుగంటాయి.

"డిస్టిల్డ్ వాటర్ ఎవలు పోస్తలేరా? నీళ్ళు తగ్గితే నీళ్ళే పొయ్యాలె. యాసిడ్ మాత్రం పొయ్యొద్దు. ఎండకు ఆవిరయ్యేది నీళ్ళు ఒక్కటే, యాసిడ్ యాడికి పోదు, లోపల్నే ఉంటది. మళ్ల యాసిడే పోస్తే ఘాటెక్కి బ్యాటరీ కరాబైతది. సమజైందా?"

"అయింది సార్," అంది ఆ అమ్మాయి, క్లాసులో చివరి బెంచీ పిల్లలా. అప్పుడు మొదటిసారి నవ్వింది. పేరు శ్రీసుధ. దివాకర్‌కి ఆ సాయంత్రం జరిగినవాటిలో అన్నింటికన్నా బాగా గుర్తున్నది ఆ "సార్".

కరెంటు అందగానే హాల్లో నీలం వెలుగు విచ్చుకుంది. గోడ పొడుగునా గాజు తొట్టి. లోపల ఉప్పునీళ్ళు, రాళ్ళు, నారింజ రంగు చేపలు. నడుమ బండ మీద ఒక పచ్చటి గుత్తి, వందల వేళ్ళు ఊపుతూ నీళ్ళతో పాటు ఊగుతోంది.

"మొక్క మస్తుగుంది."

"మొక్క కాదు బాబూ, ప్రాణి. పగడం జాతి," అన్నాడు సుధ నాన్న వెంకటసుబ్బారావు. "మాది అమలాపురం దగ్గర. సముద్రం వదిలి ఇంతదూరం వచ్చానన్న బెంగతో ఈ తొట్టి పెట్టుకున్నాను. దీన్ని తెచ్చినప్పుడు నా బొటనవేలంత ఉండేది. పదకొండేళ్ళలో ఇంతయింది. ఇంట్లో అందరం పెద్దావిడ అంటాం."

ఆ తర్వాత ఆ ఇంటి బ్యాటరీకి ఇబ్రహీంపట్నంలో ఏ బ్యాటరీకీ జరగనంత సేవ జరిగింది. దివాకర్ ప్రతి ఆదివారం డిస్టిల్డ్ వాటర్ డబ్బాతో హాజరు. కొన్నాళ్ళకి "మేడం" పోయి "సుధా" వచ్చింది, "అండీ" పోయి "నువ్వు" వచ్చింది. అంతా బాగానే ఉంది, అవినాష్ రానంతవరకు.

అవినాష్ నాదర్‌గుల్‌లో విమానం నడపడం నేర్చుకుంటున్నాడు. అది చాలదన్నట్టు పొడుగ్గా ఉంటాడు. అదీ చాలదన్నట్టు అతని ఫ్లాట్‌లో కూడా ఒక ఉప్పునీళ్ళ తొట్టి ఉంది. అతనూ సుధా ఆ తొట్టి ముందు నిలబడి కాల్షియం, ఆల్కలినిటీ అంటూ మాట్లాడుకుంటుంటే, దివాకర్ పక్కన స్క్రూడ్రైవర్ పట్టుకుని నిలబడేవాడు. బిగించడానికి స్క్రూ కూడా ఉండేది కాదు.

ఒక ఆదివారం సుధ చేతులకి గ్లవ్స్ తొడుక్కుని, చిన్న కట్టర్‌తో పెద్దావిడ నుంచి ఒక కొమ్మ కత్తిరించింది. దాన్ని రాయికి అతికించి, నీళ్ళు నింపిన డబ్బాలో పెట్టి అవినాష్ చేతికిచ్చింది.

"జాగ్రత్తగా చూసుకో," అంది.

"ప్రాణంలా చూసుకుంటా," అన్నాడు అవినాష్.

దివాకర్‌కి ఒళ్ళంతా భగ్గుమంది. వెంకటసుబ్బారావు ఇదేం పట్టకుండా వివరిస్తున్నాడు. "తొట్లు పెట్టేవాళ్ళ పద్ధతే ఇది బాబూ. ఉన్నదంతా మనమే దాచుకుంటే ఏదో ఒకరోజు మొత్తం పోతుంది. తలో ముక్క ఇస్తే ఎక్కడో ఒకచోట బతికుంటుంది. మనది పోయిన నాడు వాళ్ళు మళ్ళీ మనకో ముక్క ఇస్తారు."

అవినాష్ వెళ్ళాక దివాకర్ ఉండబట్టలేకపోయాడు.

"నాకియ్యవా ముక్క?"

"నీకెందుకు?" అంది సుధ నవ్వుతూ, చేతులు కడుక్కుంటూ.

ఆ ఒక్క మాట అతనితోపాటు ఇంటిదాకా వచ్చింది. కంచం ముందు కూర్చుంది. అవును, తనకెందుకు? తొట్టి లేదు, విమానం లేదు. ఆ ముక్క చచ్చిపోతే బాగుండునని అనుకున్నాడు. చెరువు మీద బతికే ఇంట్లో పుట్టి ఒక నీటి ప్రాణి చావు కోరుకున్నందుకు సిగ్గేసింది. అయినా మళ్ళీ అనుకున్నాడు.

మే నెలలో సుధ వాళ్ళకి అమలాపురంలో చుట్టాల పెళ్ళి తగిలింది. ఐదు రోజులు ఊళ్ళో ఉండరు. బయల్దేరే పొద్దున సుధ షాపుకి వచ్చి తాళంచెవి దివాకర్ చేతిలో పెట్టింది.

"రోజూ చేపలకి చిటికెడు మేత వెయ్. ఏదైనా డౌటొస్తే అవినాష్‌ని అడుగు, నంబర్ పంపిస్తా. ఎండకి నీళ్ళు తగ్గితే..."

ఆమె ఇంకా చాలా చెప్పింది. రెండు డ్రమ్ముల గురించి, ఏది దేనికో చెప్పింది. దివాకర్ తల ఊపాడు కానీ, అవినాష్ పేరు విన్న తర్వాత అతని చెవిలోకి మరేమీ పోలేదు.

మర్నాటికి తొట్టిలో నీళ్ళు వేలు మందం తగ్గాయి. వెనక వరండాలో రెండు డ్రమ్ములున్నాయి. వేలు ముంచి నాలిక మీద పెట్టుకున్నాడు. ఒకటి చప్పన, ఒకటి ఉప్పన. ఏది పొయ్యాలి? అవినాష్ నంబర్ ఫోన్‌లో ఉంది.

"వాన్ని అడుగుడా? సచ్చినా అడగ," అన్నాడు చేపలతో. "సముద్రం చేపవు నువ్వు. నీకు ఉప్పునీళ్ళే గద గావాలె."

ఉప్పునీళ్ళు బకెట్ నిండా తెచ్చి పోశాడు. రోజూ అలాగే చేశాడు. మూడో రోజుకి పెద్దావిడ వేళ్ళు ముడుచుకుంది. ఐదో రోజు పొద్దున చూస్తే పచ్చదనమంతా లోపలికి పోయి, తెల్లటి ఎముక మాత్రమే కనిపిస్తోంది. చేపలు ఒక మూలకి చేరి ఆయాసపడుతున్నాయి. దివాకర్ ఫోన్ తీశాడు, అవినాష్ పేరు చూశాడు, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

షాపు తెరిచేసరికి ఇస్తారి అనే రైతు ట్రాక్టర్ బ్యాటరీ పట్టుకుని కూర్చుని ఉన్నాడు.

"సతాయిస్తుంది దివాకరూ. నీళ్ళు తగ్గినయని యాసిడ్ పోసిన."

"యాసిడ్ ఎవడు పొయ్యమన్నడే నీకు?" దివాకర్ ఐదు రోజుల కంగారంతా అతని మీద చూపించాడు. "ఎన్నిసార్లు చెప్పాలె? ఆవిరయ్యేది నీళ్ళే. యాసిడ్ లోపల్నే ఉంటది. మళ్ల యాసిడే పోస్తే ఘాటెక్కి..."

నోరు తెరుచుకునే ఉంది, మాట మాత్రం ఆగింది.

ఆవిరయ్యేది నీళ్ళే. ఉప్పు ఎక్కడికీ పోదు.

"ఏమైందిరా?" అన్నాడు ఇస్తారి.

"నేను సుత యాసిడ్ పోసిన కాకా," అన్నాడు దివాకర్ ఏడుపు గొంతుతో. షాపు అతనికే వదిలేసి బయటికి ఉరికాడు. ఈసారి బండి స్టార్ట్ చేసేలోపే ఫోన్ చేశాడు.

"అవినాష్ అన్నా, జర జల్దీ రా. పెద్దావిడ సచ్చిపోతున్నది."

అవినాష్ ఎందుకు, ఏమిటి అని అడగలేదు. అతనొచ్చి చుక్క నీళ్ళు ఉప్పు కొలిచే గొట్టంలాంటి పరికరంలో వేసి వెలుతురుకి పెట్టి చూశాడు.

"ముప్పై ఐదు ఉండాలి. నలభై రెండుంది."

"చప్పటి నీళ్ళు గుమ్మరిద్దామా?"

"అలా చేస్తే ఆ దెబ్బకే పోతాయి బ్రో. మెల్లగా దించాలి. ఒక మగ్గు తీయాలి, ఒక మగ్గు పొయ్యాలి, మధ్యలో ఆగాలి."

ఇద్దరూ తొట్టికి చెరో పక్కన స్టూల్ వేసుకున్నారు. ఒకడు తీస్తే ఒకడు పోశాడు. మధ్యాహ్నం సాయంత్రం వైపు జరిగింది. మధ్యలో ఉండబట్టలేక అవినాష్ అడిగాడు.

"మొదటిరోజే ఫోన్ చేసుంటే సరిపోయేది కదా?"

"చెయ్యబుద్ధి కాలే."

"ఎందుకు?"

"నువ్వంటే నాకు కుళ్ళు."

దివాకర్ ఆ మాట అనేసి మగ్గు వైపు చూస్తూ కూర్చున్నాడు. అవినాష్ చిన్నగా నవ్వాడు.

"నాకూ నువ్వంటే కుళ్ళే."

"నేనంటేనా? నా తాన ఏమున్నదన్నా?"

"తాళంచెవి. ఆర్నెల్లుగా వస్తున్నాను ఈ ఇంటికి. సోఫాలో కూర్చోబెడతారు, కాఫీ ఇస్తారు, పిండివంటలు పెడతారు. ఊరెళ్తూ తాళంచెవి మాత్రం నీకిచ్చింది. తొట్టి గురించి అన్నీ తెలిసినవాణ్ణి నేనుంటే, ఏమీ తెలియని నీకిచ్చింది. సుధని ఒక మాట అడుగుదామనుకుని, అది తెలిశాక మానేశాను."

దివాకర్ మగ్గు కింద పెట్టాడు. ఇన్నాళ్ళూ ఇతన్ని చూసి తను కుమిలిపోతుంటే, ఇతను తనని చూసి కుమిలిపోయాడన్నమాట. పాపం అనిపించింది. కొంచెం, దాచుకోలేనంత సంతోషంగా కూడా ఉంది.

"పెద్దావిడ బతకకపోతే?" అని అడిగాడు చివరికి.

అవినాష్ ఫోన్ తీసి ఒక ఫోటో చూపించాడు. అతని తొట్టిలో, రాయి మీద, పచ్చటి ముక్క వేళ్ళు చాపుకుని ఊగుతోంది. "నా దగ్గర ముక్కుంది కదా. తెచ్చి ఇక్కడ పెట్టేద్దాం."

ఏ ముక్క చచ్చిపోవాలని కోరుకున్నాడో, ఆ ముక్క చల్లగా ఉండాలని దివాకర్ కళ్ళు మూసుకుని దండం పెట్టుకున్నాడు.

మర్నాడు పొద్దున సుధ వాళ్ళు వచ్చేసరికి దివాకర్ తొట్టి ముందే ఉన్నాడు. చేపలు కోలుకున్నాయి. పెద్దావిడ ఇంకా ముడుచుకునే ఉంది. సుధ బ్యాగు కింద పడేసి పరుగెత్తుకొచ్చింది.

"ఏమైంది?"

"నేనే చేసిన. నీళ్ళు తగ్గినయని ఉప్పునీళ్ళు పోసిన."

"ఉప్పునీళ్ళా? బ్యాటరీలో యాసిడ్ పొయ్యొద్దని నాకు పాఠం చెప్పింది నువ్వే కదా!"

"నేనే."

"తెల్ల డ్రమ్మని చెప్పాను కదా! డౌటొస్తే అవినాష్‌ని అడగమన్నాను కదా!"

"గందుకే అడగలే!" దివాకర్ గొంతు పెరిగింది. ఇక దాచడం వల్ల కాలేదు. "పొద్దుకు పది మాట్లు అవినాష్, అవినాష్. గా పేరు ఇంటే నా ఒళ్ళు మండుతది సుధా. గాయనకు ముక్క ఇచ్చినవ్. ప్రాణంలెక్క చూస్కో అన్నట్టే ఇచ్చినవ్. నేనడిగితే నీకెందుకన్నవ్. నువ్వంటే నాకు పానం. గా ఒక్క మాట నోట్లకెళ్ళి రాక గీ పెద్దమ్మను సంపుకున్నంత పని చేసిన."

సామాన్లు మోసుకొచ్చిన వెంకటసుబ్బారావు, సుధ అమ్మ అరుణకుమారి గుమ్మంలోనే ఆగిపోయారు.

సుధ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కోపమో ఏమిటో ఆమెకే తెలియలేదు.

"ముక్క ఎవరికిస్తారు దివాకర్?"

"తెల్వదు."

"బయటివాళ్ళకిస్తారు. వాళ్ళు వాళ్ళింటికి పట్టుకుపోతారు కాబట్టి. నీకెందుకు ముక్క? తొట్టే నీ చేతిలో పెట్టి వెళ్ళానుగా."

ఇన్నాళ్ళు కంచం ముందు కూర్చుని దివాకర్‌ని ఏడిపించిన మాటకి అర్థం ఇదేనా?

"గీ మాట జర ముందుగాల చెప్తే ఏం పోయె?"

"అడిగితేగా చెప్పడానికి! నువ్వు ఆదివారం ఆదివారం బ్యాటరీనే అడిగేవాడివి, దానికెలా ఉందని."

"అమ్మాయ్," అన్నాడు వెంకటసుబ్బారావు తొట్టి దగ్గరికి వంగి. "ఇలా చూడు. రెండు వేళ్ళు బయటికొచ్చాయి. ఆవిడకేం ఫరవాలేదు." తర్వాత నడుము నిటారు చేసి దివాకర్‌ని పైనుంచి కిందికి చూశాడు. ఆ చూపు ఎంతసేపుందంటే, దివాకర్ మళ్ళీ నేల వైపు చూడాల్సొచ్చింది. "మీ నాన్నగారిని ఈ ఆదివారం తీసుకురా. మాట్లాడాలి."

"దేని గురించి అంకుల్?"

"చేపల గురించని చెప్పు."

కాశయ్యకి కొడుకు అలాగే చెప్పాడు. చెరువు మీద జీవితమంతా గడిపిన కాశయ్యకి చేపల మాటలేవో, కానివేవో బాగా తెలుసు. ఆదివారం ఉతికిన పంచె కట్టి, కొత్త అంగీ తొడిగి, తెల్లారే వలలో పడిన పెద్ద రవ్వ చేపని సంచిలో వేసుకుని వచ్చాడు. పెద్దావిడ అప్పటికి పూర్తిగా విచ్చుకుని ఊగుతోంది. దాన్నీ, దాని పక్కన నిలబడ్డ సుధనీ కాశయ్య తీరిగ్గా చూశాడు.

"మీ ఇంట్ల గిన్ని చేపలున్నా ఒక్కటి వండేటిది లేదని మావోడు చెప్పిండు," అన్నాడు, సంచి అరుణకుమారి చేతికిస్తూ. "గందుకే మేమే తెచ్చినం. పులుసు మంచిగ పెట్టు చెల్లే. మాట్లాడుకునేటిది శాన ఉన్నది."